ముందు చక్రాలతో నడిచే కుటుంబ కారుకు ఆల్-టెరైన్ టైర్లు: నెల్లూరు, ప్రకాశం దారులకు తగిన ఎంపిక

ఒంగోలు నుంచి నెల్లూరు దాకా జాతీయ రహదారి మీద తిరిగినంత కాలం కారుకు ఏ టైరు ఉన్నదన్న ఆలోచనే మనకు రాదు. అదే కారు చీమకుర్తి క్వారీల పక్క రోడ్డులోకో, ఉదయగిరి మెట్టలో పొలానికి పోయే డొంకలోకో, విడవలూరు వైపు రొయ్యల గుంటల గట్టు మీదికో దిగినప్పుడు కంపెనీ బిగించి ఇచ్చిన టైరు బలహీనత బయటపడుతుంది. రాయి తగిలి సైడ్‌వాల్, అంటే టైరు పక్కగోడ, చీలుతుంది, లేదా వదులు కంకర ఎత్తు మీద ముందు చక్రాలు తిరుగుతున్నా కారు కదలదు. అప్పుడు ఎవరో ఒకరు ఆల్-టెరైన్ టైర్లు, అంటే తారుకూ మట్టిదారికీ రెండింటికీ పనికొచ్చేలా చేసిన టైర్లు, వేయించమని సలహా ఇస్తారు. ఆ సలహా కొన్ని ఇళ్లకు సరిపోతుంది, చాలా ఇళ్లకు సరిపోదు. మీది ఏ ఇల్లో తేల్చుకోవడానికీ, తేలిన తరువాత సరైన టైరును ఎంచుకొని సరిగా వాడుకోవడానికీ ఏం చేయాలో వరుసగా వివరిస్తాను.

ముందుగా తెలుసుకోవలసినది: ఈ టైరు కారును జీపుగా మార్చదు

స్విఫ్ట్, బాలెనో, ఐ20, ఎర్టిగా, క్రెటా వంటి కార్లలో ఇంజిన్ బలం ముందు చక్రాలకే అందుతుంది. లాగేవీ అవే, తిప్పేవీ అవే, బ్రేకు వేసినప్పుడు బరువులో అధిక భాగాన్ని మోసేవీ అవే. ఇంజిన్, గేర్‌బాక్స్ బరువు ముందువైపే ఉంటుంది కాబట్టి సమతలం మీద ముందు టైర్లకు మంచి పట్టు దొరుకుతుంది. ఎత్తు ఎక్కుతున్నప్పుడు మాత్రం బరువు వెనక్కి జరుగుతుంది. వెనుక సీటులో ముగ్గురు కూర్చొని, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు కూడా ఉంటే ముందు భాగం ఇంకా తేలికై, లాగవలసిన చక్రాలు నేలను గట్టిగా అదుముకోలేవు. పెంచలకోన, భైరవకోన వైపు కొండవాలు మట్టిదారుల్లో కుటుంబంతో వెళ్లి ఇబ్బంది పడేవారికి ఎదురయ్యే సమస్య ఇదే.

ఆల్-టెరైన్ టైరుకు పెద్ద గుబ్బలు, వాటి మధ్య వెడల్పాటి గాడులు ఉంటాయి కాబట్టి అది వదులు కంకరను మామూలు టైరుకంటే బాగా పట్టుకుంటుంది. నేలకు ఆనే తొక్కుడు భాగంలో రబ్బరు లోతు ఎక్కువ కావడం వల్ల, చాలా రకాల్లో సైడ్‌వాల్ కూడా దిట్టంగా ఉండడం వల్ల రాతి కోతలను ఎక్కువగా తట్టుకుంటుంది. దాని ప్రయోజనం ఇంతవరకే. కారు నేలకు ఎంత ఎత్తులో ఉన్నదో ఇంచుమించు అంతే ఎత్తులో ఉంటుంది, లాగే చక్రాలు రెండే ఉంటాయి. దీనికి చెల్లించవలసిన మూల్యమూ ఉంది. టైరు బరువెక్కుతుంది, దొర్లడానికి ఎక్కువ శక్తి తీసుకుంటుంది కాబట్టి మైలేజీ తగ్గుతుంది, 80 కిలోమీటర్ల వేగం దాటితే హోరు వినిపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, తడి తారు మీద బ్రేకు వేసినప్పుడు మంచి రోడ్డు టైరుకంటే ఎక్కువ దూరం పోయి ఆగే రకాలే వీటిలో ఎక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలో రహదారి మీద లారీల మధ్య నడిపే మన ప్రాంతంవారు ఈ చివరి మాటను తేలికగా తీసుకోకూడదు.

మొదటి అడుగు: ఒక నెలపాటు మీ దారుల లెక్క రాయండి

టైర్ల దుకాణానికి వెళ్లే ముందు ఒక నోటుపుస్తకం తీసుకొని, నెలలో కారు తారు, సిమెంటు రోడ్ల మీద ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, వాటిని దిగి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, అలా దిగినచోట నేల ఎలాంటిదో రాసుకోండి. మనసులో వేసుకునే అంచనాకూ రాసుకున్న లెక్కకూ చాలా తేడా ఉంటుంది. మా కావలి ఇంటినుంచి మెట్టలోని పొలానికి వారానికి రెండుసార్లు పోతాం కాబట్టి సగం ప్రయాణం మట్టిదారే అని నేను గట్టిగా అనుకునేవాణ్ణి. రాసి చూస్తే నూటికి పదిహేను కిలోమీటర్లు కూడా లేవు.

నేల రకాన్ని ప్రత్యేకంగా రాయమనడానికి కారణం ఉంది. మన రెండు జిల్లాల్లో నేల నాలుగు రకాలుగా టైరును పరీక్షిస్తుంది, ఆల్-టెరైన్ టైరు ఆ నాలుగింటికీ ఒకే రకంగా పనికిరాదు.

కోసురాళ్లున్న కంకర దారులు మొదటివి. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలకు పోయే దారుల్లోనూ, వెలిగొండల అంచున ఉన్న ఊళ్ల గ్రావెల్ రోడ్లలోనూ టైరుకు ప్రమాదం అడుగు నుంచి కాదు, పక్క నుంచి వస్తుంది. పంక్చరైతే అతుకు వేసుకోవచ్చు. సైడ్‌వాల్ చీలితే ఆ టైరును పారేయక తప్పదు. అక్కడ అతుకు వేసినా రోడ్డు వేగంలో నిలవదు, వేయించకూడదు కూడా. రోజూ ఇలాంటి దారిలో తిరిగేవారికి ఆల్-టెరైన్ టైరు నిజంగా తగినది.

రెండోది నల్లరేగడి. ఒంగోలు చుట్టూ పొగాకు, శనగ పండే భూముల్లో వాన పడిన మరునాడు ఏ కారునైనా దించి చూస్తే రేగడి బంక గాడులన్నిటినీ నింపేసి, పది మీటర్లు పోయేసరికి టైరు గుండు టైరులా తయారవుతుంది. ఆ బంకను విదిలించుకోవడానికి గాడులు ఇంకా వెడల్పుగా ఉండే మడ్-టెరైన్ టైరు కావాలి. అది కుటుంబ కారుకు తగినది కాదు. కాబట్టి తడి రేగడి కోసం ఆల్-టెరైన్ టైర్లు కొనవద్దు. కారును తారు రోడ్డు పక్కనే ఆపి, మిగిలిన దూరం ట్రాక్టరు మీదనో కాలినడకనో పోవడమే సరైన పని.

మూడోది ఇసుక. మైపాడు, తుమ్మలపెంట, కొత్తపట్నం తీరాల్లో పొడి ఇసుకలో చిక్కిన కార్లను చూసి, టైరుకు గుబ్బలు లేకపోవడమే కారణమని చాలామంది అనుకుంటారు. ఇసుకలో కావలసినది కొరకడం కాదు, పైపైన తేలిపోవడం. గుబ్బలున్న టైరు యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇసుకను తవ్వుకుంటూ ఇంకా లోతుకు దిగుతుంది. ఇక్కడ టైరు రకంకంటే గాలి తగ్గించడం ఎక్కువగా పనిచేస్తుంది. ఆ పద్ధతి తరువాత చెబుతాను.

నాలుగోది ముళ్ల డొంక. సర్కారు తుమ్మ కమ్ముకున్న గట్ల మీదా చెరువు కట్టల మీదా ముల్లు దిగడం రోజూ జరిగేదే. రబ్బరు లోతు ఎక్కువ ఉన్న టైరులో పొట్టి ముల్లు లోపలిదాకా దిగదు, పొడవైన ఎండుముల్లు దేనిలోనైనా దిగుతుంది. ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్టూ, చిన్న గాలి పంపూ కారులో ఉంచుకోవడం దీనికి చవకైన మందు.

లెక్క రాసిన తరువాత నా నిర్ణయసూత్రం ఇది. తారు దిగిన దూరం మొత్తంలో అయిదో వంతుకంటే తక్కువై, అందులోనూ కోసురాళ్లు లేకుంటే ఆల్-టెరైన్ అక్కర్లేదు. అదే సైజులో ముఖ్యంగా తారు రోడ్డుకోసం చేసిన, కాస్త దిట్టమైన హైవే-టెరైన్ టైరు, లేదా ఎక్కువ భారం మోస్తుందని తెలిపే ఎక్స్‌ఎల్ గుర్తు ఉన్న రోడ్డు టైరు తీసుకోండి. అయిదో వంతు దాటినా, దూరం తక్కువైనా ప్రతివారం క్వారీ రాళ్ల మీద పోవలసి వచ్చినా ఆల్-టెరైన్ గురించి ఆలోచించండి.

రెండో అడుగు: టైరు మీది అంకెలను చదవండి

డ్రైవరు తలుపు తెరిస్తే పక్కనున్న స్తంభం మీద కంపెనీ అంటించిన స్టిక్కరులో టైరు సైజు, పెట్టవలసిన గాలి ఉంటాయి. ఎర్టిగాను ఉదాహరణగా తీసుకుందాం. దాని సైజు 185/65 ఆర్15. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది సైడ్‌వాల్ ఎత్తు, వెడల్పులో నూటికి ఎంత అన్నది. ఆర్ అంటే రేడియల్, 15 అంటే రిమ్ వ్యాసం అంగుళాల్లో. ఆ తరువాత 88హెచ్ అని ఉంటే ఒక్కో టైరు 560 కిలోలు మోయగలదనీ, గంటకు 210 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుందనీ అర్థం. కొత్త టైరు మీద భారపు అంకె పాతదానికంటే తగ్గకూడదు. ఏడుగురు ఎక్కే కారులో ఇది మరీ ముఖ్యం. వేగపు అక్షరం విషయంలో కూడా కంపెనీ చెప్పినదానికి దిగువకు పోవద్దు.

చిన్న కార్ల సైజుల్లో ఆల్-టెరైన్ టైర్లు తక్కువ, 15 నుంచి 17 అంగుళాల ఎస్‌యూవీ సైజుల్లో ఎక్కువ. అందుకే దుకాణదారు ‘కొంచెం పెద్ద సైజు వేద్దాం సార్, పట్టేస్తుంది’ అని అంటాడు. ఆ మాటకు సరేననే ముందు మీరే లెక్క వేసుకోండి. 185లో నూటికి 65 అంటే 120.25 మిల్లీమీటర్లు. పైన ఒకటి, కింద ఒకటి కాబట్టి దాన్ని రెట్టింపు చేస్తే 240.5. దానికి 15 అంగుళాల రిమ్, అంటే 381 మిల్లీమీటర్లు కలిపితే టైరు మొత్తం వ్యాసం 621.5 మిల్లీమీటర్లు. అదే పద్ధతిలో 195/65 ఆర్15 వ్యాసం 634.5 వస్తుంది, పెరుగుదల నూటికి సుమారు 2.1. ఇంకొక మెట్టు ఎక్కి 205/65 ఆర్15 వేస్తే 647.5, పెరుగుదల 4.2. నూటికి 3 దాటకూడదన్నది ఈ రంగంలో అందరూ పాటించే హద్దు కాబట్టి మూడో సైజు పనికిరాదు. రెండోదాన్ని కూడా రిమ్ వెడల్పుకు తగునో లేదో చూసుకొని మాత్రమే ఆలోచించాలి.

ఆ హద్దుకు కారణాలు గట్టివే. వ్యాసం పెరిగితే స్పీడోమీటరు చూపేదానికంటే కారు వేగంగా పోతుంది, ఇంజిన్‌కు అదే గేరులో భారం పెరుగుతుంది, పూర్తిగా తిప్పినప్పుడు టైరు తన గూటిలోని ప్లాస్టిక్ లైనరుకో ముందు షాక్ అబ్జార్బరు స్ప్రింగు ఆనే పళ్లేనికో రాసుకుంటుంది. ఖాళీ కారులో రాసుకోనిది ఏడుగురు ఎక్కి గుంతలో పడినప్పుడు రాసుకుంటుంది. పైగా 195/65 వేసినందువల్ల కారు లేచేది ఆరున్నర మిల్లీమీటర్లే. ఎత్తు పెరుగుతుందన్న ఆశతో సైజు పెంచేవారికి ఈ అంకె ఒక్కటి చాలు. నా మట్టుకు నేను కంపెనీ సైజులో దొరికితేనే ఆల్-టెరైన్ వేయమంటాను. దొరకకపోతే ఆ సైజులో దిట్టమైన రోడ్డు టైరు తీసుకోవడం మేలు. పెద్ద సైజు వల్ల బీమా క్లెయిములో వచ్చే పేచీ కూడా తప్పుతుంది.

మూడో అడుగు: ఆల్-టెరైన్‌లో ఏ రకం

ఆల్-టెరైన్ అన్న ఒకే పేరు కింద చాలా భిన్నమైన టైర్లు అమ్ముతారు. కొన్నిటిలో నడుమ గుబ్బలు దగ్గరదగ్గరగా, ఒకదానితో ఒకటి ఆనుకొని ఉండి, అంచున మాత్రమే గాడులు వెడల్పుగా ఉంటాయి. కొన్నిటిలో నడుమ కూడా పెద్ద ఖాళీలు ఉంటాయి. ముందు చక్రాల కారుకు మొదటి రకమే తీసుకోండి, ఎందుకంటే తిప్పడం, లాగడం, ఆపడం మూడూ ఆ రెండు టైర్ల మీదే పడతాయి కాబట్టి నడుమ రబ్బరు విడివిడిగా ఉంటే గుబ్బల అంచులు త్వరగా ఎగుడుదిగుడుగా అరిగి, హోరు ఆరు నెలల్లోనే రెట్టింపైనట్లు వినిపిస్తుంది.

గుబ్బల మీద బ్లేడుతో గీసినట్లుండే సన్నని చీలికలను తప్పకుండా చూడండి. తడి తారు మీద పట్టు ఇచ్చేవి అవే. అవి ఎంత ఎక్కువగా, ఎంత లోతుగా ఉంటే వానలో అంత భరోసా. గాడుల అడుగున చిన్న చిన్న మెట్లు ఉంటే అవి రాళ్లు ఇరుక్కోకుండా తోసేస్తాయి, క్వారీ దారిలో ఇది అక్కరకొచ్చే ఏర్పాటు. సైడ్‌వాల్ మీద చిన్న అక్షరాల్లో తొక్కుడు భాగంలో, పక్కల్లో ఎన్ని పొరలు ఉన్నాయో అచ్చువేసి ఉంటుంది, అది కూడా చదవండి. ఎల్‌టీ అన్న అక్షరాలతో మొదలయ్యే సైజులను మాత్రం వదిలేయండి. అవి సరుకు మోసే బండ్లకోసం చేసినవి, కుటుంబ కారు గాలితో సరిగా పనిచేయవు, గతుకుల్లో నడుము విరుస్తాయి. ఎం+ఎస్ అన్న గుర్తు మట్టికీ మంచుకూ తగిన గాడుల అమరిక ఉన్నదని మాత్రమే చెబుతుంది, సైడ్‌వాల్ బలాన్ని గురించి ఏమీ చెప్పదు.

మన దేశంలో సులువుగా దొరికే వరుసల్లో అపోలో అప్టెరా ఏటీ2, సియట్ క్రాస్‌డ్రైవ్ ఏటీ, జేకే రేంజర్ ఏటీ, యోకోహామా జియోలాండర్ ఏటీ, బ్రిడ్జ్‌స్టోన్ డ్యూలర్ ఏటీ ఉన్నాయి. పేరును బట్టి కాక, మీ సైజులో, మీ భారపు అంకెతో ఏది దొరుకుతుందో దాన్ని బట్టి జాబితాను కుదించుకోండి. అలా కుదించిన తరువాత చాలామందికి రెండో మూడో మిగులుతాయి. అప్పుడు దుకాణంలో తూకం ఉంటే మీ పాత టైరునూ కొత్త టైరునూ పక్కపక్కన తూచమనండి. తేడా రెండు కిలోలు దాటితే మైలేజీ మీదా, సస్పెన్షన్ మీదా ఆ బరువు కనిపిస్తుంది.

నాలుగో అడుగు: దుకాణంలో

సైడ్‌వాల్ మీద డీఓటీ అన్న అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2325 అని ఉంటే 2025వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఆల్-టెరైన్ టైర్లు చిన్న పట్టణాల్లో నెమ్మదిగా అమ్ముడవుతాయి కాబట్టి గోడౌనులో ఏళ్ల తరబడి పడి ఉండే అవకాశం మామూలు టైర్లకంటే ఎక్కువ. ఏడాదిలోపు తయారైనవి అడగండి, నాలుగింటి అంకెలూ విడివిడిగా చూడండి. ఐఎస్ఐ ముద్ర ఉన్నదో లేదో కూడా చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కార్ల టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి ధర చెప్పినప్పుడు పన్ను ఏ లెక్కన వేశారో అడిగి, టైరు నంబర్లు రాసిన బిల్లు తీసుకోండి. తయారీ లోపానికి వారంటీ అడగాలంటే ఆ బిల్లే ఆధారం. రాతి కోతకు మామూలు వారంటీ వర్తించదు.

నాలుగు టైర్లూ ఒకేసారి మార్చాలి. లాగేవి ముందువే కదా, రెండు చాలునన్న ఆలోచన సహజమే కానీ ప్రమాదకరం. ముందు ఒక రకం, వెనుక ఒక రకం ఉంటే తడి మలుపులో ఒక జత పట్టు నిలిచి ఉండగానే రెండోది జారుతుంది. వెనుకది జారితే కారు గిర్రున తిరుగుతుంది, మామూలు డ్రైవరు దాన్ని సరిచేయలేడు. డబ్బు సరిపోకపోతే ఆల్-టెరైన్‌ను కొంతకాలం వాయిదా వేయండి, సగం సగం మాత్రం వద్దు.

స్టెప్నీ గురించి చాలామంది ఆలోచించరు. పాత స్టెప్నీ వ్యాసం కొత్త టైర్లకంటే తక్కువగా ఉంటే దాన్ని ముందు చక్రానికి వేయకూడదు. ఎడమ, కుడి ముందు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరిగి, గేర్‌బాక్సులో ఆ రెండు చక్రాలకూ బలాన్ని పంచే డిఫరెన్షియల్ ఆగకుండా పనిచేస్తూ వేడెక్కుతుంది. ముందు టైరు పంక్చరైతే వెనుక టైరును ముందుకు తెచ్చి, స్టెప్నీని వెనుకకు వేయండి. శ్రమ రెట్టింపే అయినా చిన్న స్టెప్నీతో ఇంటికి చేరవలసినప్పుడు ఇదే సరైన పద్ధతి.

అయిదో అడుగు: బిగింపు, మొదటి వారం

టైరు మీద బాణం గుర్తు ఉంటే అది ముందుకు తిరిగే దిశ. వెలుపలి వైపు అన్న సూచన ఉంటే ఆ ముఖం బయటికే రావాలి. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ రెండూ చేయించండి. గుబ్బల టైరుకు బ్యాలెన్సింగులో సీసం ముక్కలు ఎక్కువ పడితే కంగారు అక్కర్లేదు, కానీ ఒక టైరుకు మిగతావాటికంటే మరీ ఎక్కువ పడితే రిమ్ మీద దాన్ని సగం చుట్టు తిప్పి మళ్లీ చూడమనండి. దుకాణం వదిలే ముందు స్టీరింగును రెండువైపులా చివరిదాకా తిప్పి ఎక్కడా రాసుకోవడం లేదని వినండి. ఆ సాయంత్రమే ఇంటిల్లిపాదినీ ఎక్కించుకొని, స్పీడ్ బ్రేకర్ల మీదుగా ఒకసారి పోయి వచ్చి, లైనరు మీద కొత్త గీతలు పడ్డాయేమో టార్చితో చూడండి. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించాలి.

కొత్త రబ్బరు పైపొర నునుపుగా ఉంటుంది కాబట్టి మొదటి 300 కిలోమీటర్లు వేగం, బ్రేకు రెండూ నెమ్మదిగా ఉండాలి. ఆ తరువాత వాన వెలిసిన ఒక ఉదయం, వెనుక ఎవరూ రాని ఖాళీ రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగంలో గట్టిగా బ్రేకు వేసి కారు ఎంత దూరంలో ఆగుతున్నదో కళ్లతో చూసుకోండి. ముందు బండికి ఎంత ఎడం ఇవ్వాలో మీ కాలికి అప్పుడు తెలుస్తుంది.

గాలి

గాలి పట్టేవారు పాయింట్లు అనే పీఎస్‌ఐ లెక్కను తలుపు స్టిక్కరు ప్రకారమే పెట్టించాలి. టైరు దిట్టమైనది కదా అని తగ్గించవద్దు, హోరు తగ్గుతుందని పెంచవద్దు. ఉదయం కారు కదలకముందే చూడాలి, ఎందుకంటే సుమారు అయిదున్నర డిగ్రీల వేడి పెరిగినప్పుడల్లా ఒక పాయింటు పెరుగుతుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం నెల్లూరు చేరేసరికి నాలుగయిదు పాయింట్లు ఎక్కువ చూపితే అది సహజం. భయపడి గాలి తీయిస్తే చల్లారాక టైరు మెత్తబడి, మరునాడు ఎండలో దాని పక్కలు వంగి వంగి వేడెక్కుతాయి. వేసవిలో టైర్లు పగలడానికి ఎక్కువసార్లు కారణం తక్కువ గాలే.

ఇసుకలో మాత్రం లెక్క వేరు. తీరంలో దిగక తప్పకపోతే తారు వదిలేముందే నాలుగింటిలోనూ 18 పాయింట్లకు తగ్గించండి. టైరు నేలమీద పొడవుగా పరుచుకొని బరువును పంచుకుంటుంది. మలుపులు పెద్దగా తిప్పాలి, వేగం 20 దాటకూడదు, గట్టి బ్రేకు వేస్తే చక్రాల ముందు ఇసుక దిబ్బ కట్టుకుంటుంది కాబట్టి కారును దానంతట అదే ఆగనివ్వాలి. పంపు లేకుండా గాలి తీయవద్దు, మళ్లీ పూర్తి గాలి పట్టకుండా రహదారి ఎక్కవద్దు.

కంకర ఎత్తు మీద ముందు చక్రాలు జారుతుంటే ఇంజిన్ రొద పెంచకుండా కారును మళ్లీ కిందికి దించి, దారి సూటిగా ఉండి వెనుక చూపు బాగా ఆనితే రివర్సులో ఎక్కి చూడండి. అప్పుడు లాగే చక్రాలు పల్లం వైపు ఉండి, బరువు వాటి మీదికే వస్తుంది.

తిప్పి వేయడం, అరుగుదల, వాన

ముందు చక్రాల కారులో ముందు టైర్లు వెనుకవాటికంటే చాలా త్వరగా అరుగుతాయి, కాబట్టి ప్రతి 8,000 కిలోమీటర్లకు తిప్పి వేయించాలి. ముందువి అదే వైపు వెనక్కి పోతాయి, వెనుకవి అడ్డంగా మారి ఎడమది కుడి ముందుకు, కుడిది ఎడమ ముందుకు వస్తాయి. బాణం గుర్తున్న టైర్లయితే అడ్డంగా మార్చకూడదు. అదే రోజు గాడుల్లో ఇరుక్కున్న రాళ్లను స్క్రూడ్రైవరుతో తీసేసి, సైడ్‌వాల్ లోపలి ముఖాన్ని కూడా చూడండి. బయటి ముఖం బాగానే ఉండి లోపలి ముఖం ఉబ్బిన టైరుతో నేను ఒకసారి ఒంగోలు దాకా వెళ్లి వచ్చాను. తిప్పి వేస్తున్న కుర్రవాడు చూపించేదాకా తెలియలేదు.

చట్టం ప్రకారం గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకంటే తగ్గకూడదు. గాడి అడుగున ఉన్న చిన్న గట్టు తొక్కుడు ముఖంతో సమమైతే ఆ హద్దుకు వచ్చినట్లే. ఆల్-టెరైన్ టైరును అంతదాకా వాడడం మన వానలకు సరిపోదు. సన్నని చీలికలు చాలా రకాల్లో గాడి అడుగుదాకా ఉండవు కాబట్టి, గాడులు ఇంకా కనిపిస్తూ ఉండగానే చీలికలు మాయమై తడి పట్టు పడిపోతుంది. చీలికలు కనిపించకపోయినా, లోతు 3 మిల్లీమీటర్లకు వచ్చినా ఆ ఏడు ఈశాన్య వానలకు ముందే మార్చేయండి. ఎన్నో ఏట అన్నది కూడా చూడాలి. మన ఎండకు అయిదారేళ్లలో సైడ్‌వాల్ మీద వెంట్రుక పగుళ్లు వస్తాయి, అవి వచ్చిన టైరుకు గాడి ఎంత లోతున్నా క్వారీ దారి నప్పదు.

వాగులు పొంగే రోజుల్లో చప్టాల మీద పారే నీటిలోకి ఈ టైర్ల ధైర్యంతో దిగవద్దు. అడుగు లోతు పారే నీరు చిన్న కారును తేల్చగలదు. కారు ఒకసారి తేలాక టైరుకు పట్టుకోవడానికి నేలే ఉండదు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు కోవూరు దగ్గర జాతీయ రహదారే కోసుకుపోయింది. అలాంటి రోజు నీళ్లకు ఇవతలే ఆగి, ఇంటికి ఫోను చేసి, నీరు తగ్గి చప్టా అంచులు రెండూ కనిపించేదాకా కారును మెరక మీద నిలిపి ఉంచండి.